మీమ్‌కు రెండు సెకన్లు, అప్పీలుకు 180 రోజులు

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా ఆయనకు మూడు నెలలుగా నడుంనొప్పి, ఎడమ కాల్లోకి లాగుతోంది. డాక్టరు ఎంఆర్ఐ రాస్తే ఇన్సూరెన్స్ వాళ్లు 'వైద్యపరంగా అవసరం లేదు' అంటూ అనుమతి నిరాకరించారు. ఆ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి ఈయన ధోరణే మారిపోయింది. న్యూయార్క్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ సీఈఓను కాల్చి చంపిన కేసు మీద మీమ్‌లన్నీ తెచ్చి ఫ్యామిలీ గ్రూపులో పెడుతున్నారు, 'వాడే హీరో' అంటున్నారు. ఎఫ్-1 వీసా మీద చదువుతున్న మా తమ్ముడు అవే తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నాడు. కరీంనగర్‌లో ఉన్న మా మామయ్యగారు 'మనిషి చస్తే నవ్వుతారా, అదేం దేశం?' అని ఫోన్‌లో గట్టిగా కోప్పడ్డారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. అంతమంది ఎందుకు సంబరపడ్డారు? మావాళ్లు చేసేది ప్రమాదమా? ఎంఆర్ఐ సంగతి ఏం చేయాలి?
— ఒక సోదరి, ఫ్రిస్కో

సమాధానం: మీరు చివర అడిగినదాన్ని మేం ముందుకు తెస్తున్నాం. మీ ఆయనకు పాదం పైకెత్తడం కష్టమవుతోందా? కూర్చున్నప్పుడు ఆనుకునే చోట, తొడల లోపలి వైపు తిమ్మిరి ఉందా? మూత్రం, మలం మీద పట్టు తప్పుతోందా, లేదా మూత్రం రావడమే కష్టంగా ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అప్పీలు, ఉత్తరాలు పక్కన పెట్టి ఇవాళే ఎమర్జెన్సీకి వెళ్లండి. వెన్ను అడుగున నరాల కట్ట నలుగుతున్నప్పుడు గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. ఎమర్జెన్సీ చికిత్సకు ముందస్తు అనుమతి అక్కర్లేదు, అది చట్టంలోనే ఉంది. ఇవేవీ లేకపోతే కింద రాసినదంతా తీరిగ్గా చదవండి.

ఇక ఆ కేసు. 2024 డిసెంబర్ 4న ఉదయం 6.45 ప్రాంతంలో మన్‌హాటన్‌లోని హిల్టన్ హోటల్ బయట యునైటెడ్‌హెల్త్‌కేర్ సీఈఓ బ్రయాన్ థాంప్సన్‌ను వెనక నుంచి కాల్చారు. ఆయన వయసు 50, ఇన్వెస్టర్ల సమావేశానికి వెళ్తున్నారు. అక్కడ దొరికిన తూటా తొడుగుల మీద 'డిలే', 'డినై', 'డిపోజ్' అనే మాటలు రాసి ఉన్నాయి. క్లెయిమును నాన్చు, కాదను, కోర్టుకెక్కితే వాదించు అనే తీరును అమెరికాలో ఇన్సూరెన్స్ విమర్శకులు చాలా ఏళ్లుగా 'డిలే, డినై, డిఫెండ్' అంటున్నారు. దానికి దగ్గరగా ఉన్న ఆ మూడు మాటలే ఒక హత్య కేసును దేశమంతా తన సొంత గొడవగా తీసుకునేలా చేశాయి. ఐదు రోజుల తర్వాత పెన్సిల్వేనియాలోని ఆల్టూనాలో, ఒక మెక్‌డొనాల్డ్స్‌లో, 26 ఏళ్ల లూయీజీ మాంజియోనీ పట్టుబడ్డాడు. తాను నిర్దోషినని కోర్టులో చెప్పుకున్నాడు. అతని మీద పెట్టిన ఉగ్రవాద అభియోగాలను న్యూయార్క్ రాష్ట్ర జడ్జి 2025 సెప్టెంబర్‌లో కొట్టేశారు, హత్య అభియోగం మాత్రం అలాగే ఉంచారు.

సంబరం నిజమే. యునైటెడ్‌హెల్త్‌కేర్ మాతృసంస్థ ఫేస్‌బుక్‌లో సంతాప ప్రకటన పెడితే దాని కింద నవ్వు గుర్తులు వేల సంఖ్యలో వచ్చి పడ్డాయి. నిందితుడు ఇంకా దొరకకముందే వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో అతని పోలికలున్నవాళ్లకు పోటీ పెట్టారు. అతని లాయర్ల ఖర్చుకు మొదలైన విరాళాలు 2025 మేకల్లా పది లక్షల డాలర్లు దాటాయి. టీషర్టులు అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు.

అయితే మామయ్యగారికి ఇంకో అంకె కూడా చెప్పండి. హత్య జరిగిన నెలలోనే ఎమర్సన్ కాలేజీ సర్వే చేస్తే, ఓటర్లలో 68 శాతం మంది ఆ పని ఆమోదయోగ్యం కాదన్నారు. పర్లేదు అన్నవాళ్లు 17 శాతం. కాకపోతే 18 నుంచి 29 ఏళ్ల వాళ్లలో పర్లేదు అన్నది 41 శాతం, మీ తమ్ముడి వయసు వాళ్లు. అంటే దేశమంతా నవ్వలేదు. నవ్వినవాళ్లు ఫోన్ తెర నిండా కనిపించారు, నవ్వనివాళ్లు రాయలేదు. నోర్క్ అనే మరో సంస్థ అడిగినప్పుడు, ఈ చావుకు చంపినవాడిదే చాలా వరకో, కొంత వరకో బాధ్యత అని దాదాపు పదిమందిలో ఎనిమిది మంది అన్నారు. క్లెయిములు నిరాకరించే కంపెనీలకూ అలాంటి బాధ్యత ఉందని పదిమందిలో దాదాపు ఏడుగురు అన్నారు. లెక్క కట్టి చూస్తే కనీసం సగానికి దగ్గరగా జనం రెండింటికీ అవునని ఉండాలి. మీ ఇంట్లో మామయ్యగారూ మీ ఆయనా చెరో వైపు నిలబడి వాదిస్తున్న రెండు మాటల్నీ అక్కడ ఒకే మనిషి ఒకే రోజు అన్నాడన్నమాట.

ఆ రెండో మాట ఎక్కణ్నుంచి వస్తుందో కరీంనగర్‌లో ఉన్నవాళ్లకు అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. మన దగ్గర వైద్యం వికటిస్తే కోపం ఆస్పత్రి మీదికి, డాక్టరు మీదికి వెళ్తుంది, అద్దాలు పగులుతాయి. ఎందుకంటే డబ్బు అడిగేది, కాదనేది ఎదురుగా ఉన్న ఆ కౌంటరే. అమెరికాలో డాక్టరు చేయాలంటాడు, ఎక్కడో ఉన్న కంపెనీ వద్దంటుంది. ఆ కంపెనీని రోగి ఎంచుకోలేదు, యజమాని ఎంచుకున్నాడు. జీతంలోంచి నెలనెలా ప్రీమియం కట్ అవుతూనే ఉంటుంది, మారదామంటే ఉద్యోగం మారాలి, లేదా ఏడాదికోసారి వచ్చే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి, అప్పుడూ యజమాని చూపించిన రెండు మూడు ప్లాన్లలోంచే. తిట్టడానికి ఎదురుగా ముఖం లేదు. ఆ రోజు ఒక ముఖం కనిపించింది.

అంకెలు కూడా వాళ్ల కోపాన్ని కొట్టిపారేయనివ్వవు. జనం సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్ హెల్త్‌కేర్ డాట్ గవ్ ద్వారా కొన్న ప్లాన్లలో 2023లో నెట్‌వర్క్ లోపలి, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్ల, ఆస్పత్రుల క్లెయిములే 19 శాతం నిరాకరించారని ఆరోగ్య విధానాల మీద పరిశోధన చేసే కేఎఫ్ఎఫ్ సంస్థ లెక్క తీసింది. పెద్దవాళ్లకు ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్‌లో ఆస్పత్రి తర్వాతి సంరక్షణకు యునైటెడ్‌హెల్త్‌కేర్ నిరాకరణలు 2020లో 10.9 శాతం ఉంటే 2022కి 22.7 శాతానికి చేరాయని సెనేట్ ఉపసంఘం నివేదిక చెప్పింది.

కానీ మీ ఆయన గ్రూపులో పెట్టే వాటిలో చాలా మటుకు సగం నిజాలే. ఆ కంపెనీ 32 శాతం క్లెయిములు కొట్టేస్తుందని తిరిగిన బొమ్మ, మార్కెట్‌ప్లేస్ ప్లాన్ల సమాచారం నుంచి తీసింది. ఉద్యోగుల ప్లాన్లు, మెడికేర్ అందులో లేవు. కంపెనీ ఏమో సుమారు 90 శాతం క్లెయిములు అందగానే చెల్లిస్తున్నామంటుంది. ఏది సరైనదో బయటివాళ్లు తేల్చుకునేంత సమాచారం ప్రకటించాలనే నిబంధన ఉద్యోగుల ప్లాన్లకు లేదు. మా దృష్టిలో అసలు ఫిర్యాదు అక్కడ ఉండాలి. 'బాధితుడు తిరగబడ్డాడు' అన్నది ఇంకొకటి. మాంజియోనీ తమ ఖాతాదారుడే కాదని కంపెనీ చెప్పింది. అతనిది మేరీలాండ్‌లో కంట్రీ క్లబ్బులు, నర్సింగ్ హోములు ఉన్న సంపన్న కుటుంబం. థాంప్సన్ అయోవాలోని చిన్న ఊళ్లో, ధాన్యం గోదాములో పనిచేసిన తండ్రికి పుట్టినవాడు. భార్య, ఇద్దరు కొడుకులు ఉన్నారు. పేద, ధనిక కథ కావాలనుకున్నవాళ్లకు ఈ వివరాలు ఇబ్బందే.

'తుపాకీ పేలాకే కంపెనీలు దారికొచ్చాయి' అనేది మూడోది, వీటిలో ఎక్కువ చెడ్డది. ఆపరేషన్‌లో మత్తుకు ఇంత సమయానికే డబ్బిస్తామని ఆంథెమ్ బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ అనే మరో ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టబోయిన నిబంధనను డిసెంబర్ 5న, అంటే హత్య జరిగిన మర్నాడు వెనక్కి తీసుకున్న మాట నిజం. అయితే నవంబర్‌లోనే మత్తు డాక్టర్ల సంఘం బహిరంగంగా దాని మీద విరుచుకుపడింది, ఆ తర్వాత కనెటికట్, న్యూయార్క్ రాష్ట్రాల అధికారులూ రంగంలోకి దిగారు. తారీఖులు పక్కపక్కన పడ్డంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం అయిపోదు.

ఇప్పుడు ప్రమాదం సంగతి. అమెరికాలో అభిప్రాయం చెప్పడం నేరం కాదు, ఎంత జుగుప్సాకరమైనా. బెదిరింపు నేరం. రాష్ట్రాల సరిహద్దు దాటి వెళ్లే ఫోన్‌లో, మెసేజ్‌లో ఒకరిని గాయపరుస్తానని బెదిరిస్తే ఫెడరల్ చట్టంలో ఐదేళ్ల దాకా జైలు ఉంది. గీత ఎక్కడుందో చూపించే ఉదాహరణ ఒకటి ఆ డిసెంబర్‌లోనే జరిగింది. ఫ్లోరిడాలో ఒక మహిళ, క్లెయిము తిరస్కరించారన్న కోపంతో ఇన్సూరెన్స్ ఫోన్ కాల్ చివర ఆ మూడు మాటలూ అని, తర్వాత వంతు మీదేనన్న అర్థంలో ఒక వాక్యం చేర్చింది. ఆ కాల్ రికార్డయింది. పోలీసులు ఇంటికొచ్చి అరెస్టు చేశారు, బెయిలు లక్ష డాలర్లు పెట్టారు. మీ ఆయన కస్టమర్ సర్వీసుకు ఫోన్ చేసేటప్పుడు పక్కన ఉండండి. అవతల మాట్లాడే అమ్మాయికి ఎంఆర్ఐ ఇచ్చే అధికారం లేదు, అత్త మీద కోపం దుత్త మీద చూపితే ఫైల్లో 'దురుసుగా ప్రవర్తించాడు' అన్న నోటు తప్ప ఏమీ మిగలదు.

తమ్ముడి విషయం వేరు, అది కోర్టు ప్రశ్న కాదు, వీసా ప్రశ్న. వీసా దరఖాస్తుకు నింపే డీఎస్-160 ఫారం 2019 నుంచి గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతోంది. 2025 జూన్ నుంచి చదువుకు, ఎక్స్చేంజ్ కార్యక్రమాలకు వెళ్లే ఎఫ్, ఎం, జె వీసాల దరఖాస్తుదారులు తమ ఖాతాలు పబ్లిక్‌గా ఉంచాలి. 2025 డిసెంబర్ 15 నుంచి ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బి, వాళ్ల కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసాల వాళ్లకూ అదే వర్తిస్తోంది, కాబట్టి మీరిద్దరూ ఆ వీసాల మీదే ఉండి వీసా స్టాంపింగ్‌కు హైదరాబాద్ వెళ్తే మీదీ చూస్తారు. అక్కడ కూర్చున్న అధికారి మీ తమ్ముడి వెటకారాన్ని వెటకారంగానే చదవాలన్న రూలేమీ లేదు, కాదనడానికి ఆయన కోర్టులో రుజువులు చూపించక్కర్లేదు. హత్యను మెచ్చుకునే పోస్టులు ఆపెయ్యమనండి, ఉన్నవి తీసెయ్యదలచుకుంటే ఇప్పుడే తీసెయ్యమనండి. కానీ ఖాతానే దాచిపెట్టి ఫారంలో రాయకుండా వదిలేయడం మాత్రం చేయొద్దు. పోస్టు కన్నా అబద్ధం పెద్ద ఇబ్బంది. ఫ్యామిలీ గ్రూపు ప్రైవేటు కదా అనుకోవద్దు, గ్రూపులో ఉన్న ఇరవై మందిలో ఎవరైనా ఫార్వర్డ్ చేయొచ్చు. టెక్సస్‌లో కారణం చెప్పకుండానే ఉద్యోగం తీసేసే వీలుంది, హెచ్-1బి మీద ఉద్యోగం పోతే చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు.

ఇప్పుడు ఎంఆర్ఐ. కేఎఫ్ఎఫ్ లెక్కలోనే ఇంకో ముక్క ఉంది. నిరాకరించిన క్లెయిముల్లో జనం అప్పీలు చేసినవి నూటికి ఒకటి కూడా లేవు. చేసినవాటిలో 44 శాతం దాకా కంపెనీ తన నిర్ణయం మార్చుకుంది. మెడికేర్ అడ్వాంటేజ్ అనుమతుల్లోనైతే 2023లో అప్పీలు చేసిన నిరాకరణల్లో 81.7 శాతం పూర్తిగానో కొంతమేరకో తిరగబడ్డాయి. నవ్వు గుర్తు పెట్టినవాళ్లలో ఎంతమంది అప్పీలు రాసి ఉంటారో అనిపించక మానదు.

ముందు నిరాకరణ ఉత్తరంలో కారణం రాసిన పేరా వెతకండి. నడుం ఎంఆర్ఐకి 'అవసరం లేదు' అన్నారంటే చాలాసార్లు దాని అర్థం ఒక్కటే: ఆరు వారాల పాటు డాక్టరు పర్యవేక్షణలో ఫిజియోథెరపీ, మందులు వాడినట్టు, ఆ తర్వాత మళ్లీ పరీక్షించినట్టు కాగితాల్లో లేదు. నొప్పి మూడు నెలలదే కావచ్చు, కాగితం మీద ఉన్నది ఒక్క విజిట్ అయి ఉంటుంది. ఇంట్లో వేసుకున్న ఐబుప్రొఫెన్, యూట్యూబ్ చూసి చేసిన వ్యాయామాలు డాక్టరు నోట్స్‌లోకి ఎక్కకపోతే కంపెనీ దృష్టిలో జరగనట్టే. కాలు బలహీనపడుతోందని డాక్టరు పరీక్షించి రాస్తే మాత్రం ఆ ఆరు వారాల షరతు సాధారణంగా అడ్డు రాదు. కాబట్టి అప్పీలు కన్నా ముందు డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ మందు ఎన్ని రోజులు వాడారు, ఏం చేయలేకపోతున్నారు, ఎంతసేపు కూర్చోగలరు, అన్నీ తారీఖులతో చెప్పి నోట్స్‌లో రాయించండి. అదే రోజు 'పీర్ టు పీర్' అడగమని చెప్పండి. మీ డాక్టరు కంపెనీ డాక్టరుతో ఫోన్‌లో నేరుగా మాట్లాడడమే అది. పది నిమిషాల్లో తేలిపోయే కేసులు ఎన్నో ఉంటాయి, కానీ దీనికి గడువు చాలా తక్కువ, కొన్ని ప్లాన్లలో కొద్ది రోజులే. ఉత్తరంలో ఆ నంబరు, గడువు చూసి క్లినిక్‌కు మీరే గుర్తు చేయండి, వాళ్లంతట వాళ్లు చేస్తారని కూర్చోవద్దు.

అది కుదరకపోతే రాతపూర్వక అప్పీలు. ఉత్తరం అందిన రోజు నుంచి మీకు 180 రోజులు ఉంటాయి. ఇంకా జరగని పరీక్ష కాబట్టి కంపెనీ 30 రోజుల్లో తేల్చాలి, అప్పటికే అయిపోయిన వైద్యానికైతే 60 రోజులు. ఆలస్యం ప్రమాదమని డాక్టరు రాసిస్తే అత్యవసర అప్పీలు, 72 గంటలు. ఫోన్ చేసి వాదించడం అప్పీలు కాదు, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. నెల తర్వాత అడిగితే 'మీ అప్పీలు మా దగ్గర లేదు' అంటారు. రెండో పొరపాటు, క్లెయిములు పంపే చిరునామాకే అప్పీలు పంపడం. అప్పీళ్ల చిరునామా, ఫ్యాక్స్ నంబరు ఉత్తరంలో విడిగా ఉంటాయి. ఫ్యాక్స్ చేస్తే చేరినట్టు వచ్చే పేజీ, పోస్టులో పంపితే సర్టిఫైడ్ మెయిల్ రసీదు దాచుకోండి. ప్రతి ఫోన్ కాల్‌కూ తారీఖు, మాట్లాడినవాళ్ల పేరు, రిఫరెన్స్ నంబరు ఒకే నోటుబుక్కులో రాయండి.

అప్పీలు రాసేముందు ఆ కేసు ఫైలు మొత్తం, ఏ వైద్య ప్రమాణం ఆధారంగా కాదన్నారో ఆ పత్రం, చూసిన వైద్య నిపుణుడి వివరాలు పంపమని రాసి అడగండి. ఉచితంగా ఇవ్వాలి. ఆ ప్రమాణంలో మూడు షరతులుంటే మీ ఉత్తరంలో మూడు పేరాలుండాలి, ఒక్కో షరతుకు ఏ తేదీ నోట్స్‌లో జవాబు ఉందో చూపించాలి. 'మేం నెలనెలా ఇంత కడుతున్నాం, మీకు మానవత్వం లేదా' అన్న వాక్యం నిజమే కావచ్చు, దాన్ని చదివే మనిషి దగ్గర ఉన్న ఫారంలో దానికి గడి లేదు. డాక్టరు సంతకంతో లెటర్ ఆఫ్ మెడికల్ నెసెసిటీ, అంటే ఈ పరీక్ష ఎందుకు అవసరమో చెప్పే ఉత్తరం, జత చేయండి. క్లినిక్ కూడా మీ తరఫున అప్పీలు పంపుతానంటే ముందు మాట్లాడుకోండి. చాలా ప్లాన్లలో ఒకటో రెండో అవకాశాలే ఉంటాయి, వాళ్లు అరకొరగా పంపిన కాగితంతో మీ వంతు అయిపోకూడదు.

మీ ప్లాన్‌ను ఎవరు అదుపు చేస్తారో కూడా తెలుసుకోవాలి. టెక్సస్‌లో ఇన్సూరెన్స్ కార్డు మీద 'టీడీఐ' లేదా 'డీఓఐ' అని ఉంటే రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. ఆ అక్షరాలు లేకపోతే బహుశా మీ ఆయన కంపెనీయే సొంత డబ్బుతో నడిపే ప్లాన్. పెద్ద ఐటీ కంపెనీల్లో ఎక్కువ ఇవే. కార్డు మీద పేరున్న ఇన్సూరెన్స్ కంపెనీ అక్కడ లెక్కలు చూసే గుమాస్తా మాత్రమే, డబ్బు యజమానిది. మీమ్‌లో తిట్టే కంపెనీకి మీ ఎంఆర్ఐతో మిగిలేది ఏమీ లేకపోవచ్చు. దీనివల్ల ఒక లాభం ఉంది: హెచ్ఆర్‌లో బెనిఫిట్స్ చూసేవాళ్లకు మర్యాదగా ఒక ఈమెయిల్ రాస్తే పని కదిలే అవకాశం ఉంది. వీటి మీద అధికారం కార్మిక శాఖలోని ఎబ్సా విభాగానిది, ఫోన్ 1-866-444-3272.

లోపలి అప్పీళ్లు అయిపోయాక కూడా కాదంటే, ఆఖరి ఉత్తరం వచ్చిన నాలుగు నెలల్లోపు ఎక్స్‌టర్నల్ రివ్యూ అడగండి. కంపెనీతో సంబంధం లేని డాక్టర్లు చూసి 45 రోజుల్లో చెబుతారు, అత్యవసరమైతే 72 గంటల్లో. రుసుము ఉంటే 25 డాలర్లకు మించదు. వాళ్లు అవునంటే కంపెనీ కట్టాల్సిందే.

ఇదంతా నడుస్తుండగా ఫిజియోథెరపీ మొదలుపెట్టించండి. నొప్పి తగ్గితే మంచిదే, తగ్గకపోతే ఆరు వారాల షరతు తీరిపోతుంది. మళ్లీ కొత్తగా అనుమతి అడిగితే అప్పీలు జవాబు కన్నా అదే ముందు రావచ్చు. ఆస్పత్రి బయట ఉండే ఇమేజింగ్ సెంటర్లలో ఇన్సూరెన్స్ లేకుండా నగదు ధర ఎంతో కూడా రెండు మూడు చోట్ల కనుక్కోండి. మీ డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ చెల్లించడం మొదలుపెట్టే ముందు ఏటా మీరే కట్టుకోవాల్సిన మొత్తం, ఇంకా తీరకపోతే చాలాసార్లు ఆస్పత్రిలో ఇన్సూరెన్స్‌తో కట్టేదానికన్నా అదే తక్కువ పడుతుంది. కాకపోతే ఆ డబ్బు డిడక్టిబుల్‌లో లెక్కకు రాకపోవచ్చు.

మామయ్యగారికి మళ్లీ ఫోన్ చేసినప్పుడు ఆయన హెల్త్ పాలసీ కాగితాలు ఎక్కడున్నాయో అడగండి. అక్కడ కంపెనీకి ఫిర్యాదు ఇచ్చిన నెలలో జవాబు రాకపోతే, లేదా కాదంటే, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల రూపాయల దాకా వివాదం వింటారు. ఆ సంగతి ఆయనకే తెలియకపోవచ్చు, మీ ఆయన చేతే చెప్పించండి. ఇద్దరూ మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది.